పొట్టులో కిరసనాయిలు

ఆ రోజుల్లో యుద్ధం ఏయే దేశాల్లో జరిగేదో గానీ, ఆళ్లగడ్డలో మాకు తెలిసిన యుద్ధమల్లా కిరసనాయిలు దొరక్కపోవడమే. మద్రాసులో రసాయనశాస్త్రం చదివి అప్పుడే ఇల్లు చేరిన నేను (చదివానంటే, పాసయ్యానని అర్థం) ఊరికి వెలుగు తెచ్చే భారం నాదేననుకున్నాను. మా నాయనది వేరుశెనగ వ్యాపారం. దుకాణం వెనక పొట్టు గుట్టలుగా పడి ఉండేది. దాన్ని మూత బిగించిన డబ్బాలో కాల్చి, వచ్చే ఆవిరిని ఎర్రగా కాలిన ఇటుక ముక్కల మీదుగా పోనిచ్చి చల్లారిస్తే నూనె దిగుతుందని నా సిద్ధాంతం. ఇటుక తాను మారకుండానే పక్కవాటిని మారుస్తుందని వివరిస్తే, మా అమ్మ, "ఆ ఇటుక అచ్చం మీ నాయనే" అంది.

చివరికి దిగింది పుల్లటి నీళ్లూ, జిగట తారూ. ఆ తారులో వత్తి వేసి వెలిగిస్తే వెలుగు రాలేదు గానీ వంటింటి గోడలన్నీ నల్లబడ్డాయి. మర్నాడే నంద్యాలలో నాకు పెళ్లిచూపులు. సబ్బూ, చింతపండూ, ముగ్గుపిండీ అన్నీ ఓడిపోయాయి. చేతుల నలుపు పోలేదు, వాసన అంతకన్నా పోలేదు. బస్సులో దారి పొడుగునా నాయన చెప్పింది ఒకటే: "ఆడ నోరు తెరవగాకు."

పిల్ల తండ్రి కట్టెల అడితి యజమాని. నేను కూర్చోగానే గాలి పీల్చి, "యాడన్నా ఇల్లు గాని కాలిందా అప్పా?" అన్నాడు. ఇక నన్ను ఆపేవాళ్లెవరు? డబ్బా, ఇటుకలు, ఆవిరి అన్నీ చెప్పి, ఎండిన చెత్తలో ఒక మందుల దుకాణం, ఒక రంగుల దుకాణం దాక్కుని ఉన్నాయని ముగించేసరికి కాఫీలు చల్లారిపోయాయి. నాయన దూలాలు లెక్కపెడుతున్నాడు.

పెద్దమనిషి మాత్రం ఒకటే అడిగాడు. "ఆ తారు చెదలకు పనికొస్తాదా?"

ప్రయత్నించవచ్చన్నాను.

"అయితే ముందు ఒక డబ్బా పంపియ్యి. సంబంధం మాట తర్వాత చూస్తాం."

పంపాను. చెదపురుగుల చావు కబురు కోసం అంత ఆత్రంగా ఎదురుచూసిన పెళ్లికొడుకు ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడు. నంద్యాల నుంచి వచ్చే ప్రతి బస్సుకూ వెళ్లి నిలబడేవాణ్ణి. చివరికి కబురొచ్చింది: చెదలు పోయాయి, ముహూర్తం పెట్టుకోండి.

పెళ్లయిన చాలా ఏళ్లకు, నన్ను గెలిపించింది తారేనని గొప్పలు పోతుంటే మా ఆవిడ తాపీగా చెప్పింది. "చెదలు పోయినాయని మా నాయన ఒప్పుకున్న్యాడు. నేను ఆ పొద్దే ఒప్పుకుంటి. వచ్చినోళ్లంతా బస్తాల ధరలే మాట్లాడిరి. చెత్త గురించి అంత సంబరంగా చెప్పినోళ్లు మీరొక్కరే."

ఈమధ్య నేనంత సంబరంగా వర్ణించేది మోకాళ్ల నొప్పులనే. ఆమె దానికీ ఊఁ కొడుతుంది, పాపం.