ఎవరు ముందు పోయిన్రు

నేను జగిత్యాలల పోస్టుమార్టం డ్యూటీ చేసేటప్పటి ముచ్చట. కోరుట్ల అవతల పసుపు చేనుకాడ కావలి పండుకున్న ముసలి ఆలుమగలను పోలీసులు తీసుకొచ్చిన్రు. చలికి తాళలేక గదిల బొగ్గుల కుంపటి పెట్టుకొని, తలుపులు, కిటికీ బిగించుకున్నరట. పొద్దెక్కినా లేవకపోయేసరికి పక్క చేనోళ్లు తలుపు పగలగొట్టిన్రు. ఇద్దరి ఒళ్లూ గులాబీ రంగుల ఉన్నయి. బొగ్గు పొగ రక్తంల కలిస్తే గట్లనే అయితది. చచ్చిపోయినోళ్ల లెక్క కనబడరు.

శవాలను అప్పజెప్పినంక ఆడోళ్లు ఆమెకు పసుపు పూసి, నిండుగ బొట్టు పెట్టి, ముత్తైదువను సాగనంపినట్టు సాగనంపిన్రు. ఇద్దరూ ఒక్కసారే పోయిన్రు, అదృష్టవంతులన్నరు. నేనూ గట్లనే అనుకున్న.

పరీక్షకని తీసిపెట్టిన మెదడు ముక్కల స్లైడ్లు కొన్నాళ్లకు తయారైనయి. మైక్రోస్కోప్ కింద పెట్టి చూసిన. ప్రాణవాయువు అందకుంటే మెదడు కణాలు నిమిషాల్లనే దెబ్బతింటయి. కానీ ఆ దెబ్బ మన కంటికి కనబడాలంటే మనిషి ఆ తర్వాత కొన్ని గంటలన్నా బతికుండాలె. ఆయన కణాలు మామూలుగనే ఉన్నయి. ఆమెవి ముడుచుకపోయి, ఎర్రబడ్డయి. అంటే ఆయన పోయినంక కూడా, బహుశా తెల్లారేదాక, ఆమెకు ఊపిరి ఆడుతనే ఉంది.

వాళ్లకు ఒక్కతే బిడ్డ. సిరిసిల్లల బట్ట నేసే సాంచెలు నడిపే ఇంటికిచ్చిన్రు. రిపోర్టు కోసం వచ్చి నా ముందు కూసున్నది.

"అమ్మ ముత్తైదువగనే పోయిందా మేడం?"

అవునందామనుకున్న. కానీ ఉన్నదున్నట్టు చెప్పిన.

ఆమె మెల్లగ చెప్పింది. ఆ పొద్దున లేవంగనే అమ్మకు ఫోన్ చేసిందట. మోగింది కానీ ఎత్తలేదు. చేన్ల పనిల ఉన్నదేమో అనుకొని, సాంచెల చప్పుడుల పడి మళ్ల చేయలేదట.

"గా రింగు అమ్మకు ఇనబడ్డదా?"

"ఇనబడదు బిడ్డా. అప్పటికే తెలివి పోయి ఉంటది" అన్న. డాక్టరుగ నాకు తెలిసినంతల అదే నిజం. స్లైడు మాత్రం ఆ సంగతి చెప్పదు.

ఆమె కొంగుతోని మొఖం తుడుచుకొని లేచింది.

"ఈ ముచ్చట ఇంట్ల ఎవలకూ చెప్ప. మా అమ్మ ముత్తైదువే" అని పోయింది. ఏడాదికి అమ్మ పేరు మీద ముత్తైదువలకు చీరెలు పెట్టిందని తర్వాత ఎవరో చెప్తే తెలిసింది.

కేసు మూసేసిన్రు. ఆ స్లైడుతోని నాకిప్పుడు పనేం లేదు. అయినా రెండు మూడుసార్లు తీసి చూసిన. అందుల ఏం వెతుకుతున్ననో నాకే తెల్వది.