దేవరాజు ఎత్తిన చెయ్యి

తెనాలి నుంచి వచ్చి లింగంపల్లిలో కాపురం పెట్టిన దేవరాజుకు చూపు తగ్గుతోంది. అద్దాలు మార్చినా ఆగే జబ్బు కాదని డాక్టరు చెప్పేశాడు. ఆ సంగతి నర్సుగా పనిచేసే భార్య దీనమ్మకు, పైనున్న దేవుడికి తప్ప అతను మూడోవాళ్లకు చెప్పుకోలేదు. కోడ్ రాసి బతికేవాడికి కళ్లు పోతున్నాయంటే హైటెక్ సిటీలో కుర్చీ ఎన్నాళ్లు ఉంచుతారు?

అవి ప్రత్యేక తెలంగాణ కోసం సాగిన సకల జనుల సమ్మె రోజులు. బంద్‌లకు పోయిన పనిని శనివారాల్లో పూడ్చుకునేవారు. అలాంటి ఒక శనివారం మేనేజర్ సైమన్ అందరినీ పిలిచాడు. వాళ్ల సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనూ, మ్యాక్‌లోనూ, లినక్స్‌లోనూ నడవాలి. రాసేవాళ్లేమో కోడ్ టైపు చేసే ఎడిటర్ ప్రోగ్రామును తలా ఒకటి పట్టుకుని, ఒకరు సరిచేసింది ఇంకొకరు చెడగొట్టేవారు. ఇక అందరికీ ఒకటే ఎడిటర్, మీకు నచ్చినవి తెండి, వారం వాడి చూసి, వచ్చే శనివారం చేతులెత్తి తేల్చండి అన్నాడు.

ఒకటి రామబ్రహ్మం తెచ్చాడు, ఇంకొకటి ప్రవళిక తెచ్చింది. అతనిది గుంటూరు, ఆమెది జనగామ. అంతే, ఎడిటర్లకు కూడా ప్రాంతాలు పుట్టుకొచ్చాయి! భోజనాల బల్లలు అప్పటికే రెండు జట్లయ్యాయి. చదువుకున్నవాళ్ల బుద్ధీ ఇలాగే ఏడ్చింది.

"ఆలోచించేదేముందండీ? మనవాళ్లమంతా ఒక్క మాట మీద ఉండాలి," అని రామబ్రహ్మం దేవరాజు చెవిలో ఊదాడు. దేవరాజు ప్రవళిక తెచ్చినదాన్ని తెరిచైనా చూడలేదు. వాళ్లు తెచ్చింది మనకేం పనికొస్తుందిలే అనుకున్నాడు.

శనివారం చేతులు లేచాయి, రామబ్రహ్మం తెచ్చినదానికి దేవరాజు చెయ్యీ లేచింది. రామబ్రహ్మం పక్షం ఒక్క చేతి తేడాతో నెగ్గింది.

బయట కారిడార్‌లో ప్రవళిక దేవరాజును ఆపింది. "సార్, మీరు స్క్రీన్‌కు ముక్కు ఆనిచ్చి సదువుడు నేను రోజూ చూస్తున్న. నేను తెచ్చిన దాంట్ల అక్షరాలన్నీ ఎంత కావాలంటే అంత పెద్దగైతయి. మౌస్ పట్టి బాణం ఎతికే పనే లేదు. మీకోసమే పెట్టిన. నలుగుర్ల చెప్తె మీకు చిన్నతనమైతదని ఊకున్న. గిట్ల జేస్తిరేంది సార్?"

దేవరాజు సిగ్గుతో చితికిపోయాడు. రామబ్రహ్మం ఎడిటర్‌లో చుట్టూ ఉండే మెనూల్లో చీమల బారులాంటి సన్న అక్షరాలు. వాటిని పెద్దవి చేసే వీలే లేదు.

"ఇప్పటికైనా సైమన్ సార్‌కు చెప్పుర్రి. మళ్ల చేతులెత్తిస్తడు."

"ఏమని చెప్పనమ్మా? కళ్లు కనబడటం లేదనా?"



ఎండాకాలం రాకముందే అతని కోడ్‌లో తప్పులు పెరిగాయి, వాటితోపాటే మందలింపులూ పెరిగాయి. తీసెయ్యకముందే పరువుగా తప్పుకుందామని దేవరాజు రాజీనామా ఇచ్చాడు. కారణం ఎవరూ అడగలేదు. ఎవరికి వారు తమకు తెలుసనే అనుకున్నారు.

"ఈ గొడవలకు జడిసి వెళ్లిపోతున్నారండీ, పాపం," అన్నాడు రామబ్రహ్మం అందరికీ వినబడేలా.

"ఎవలు పొమ్మన్నరన్నా ఆయన్ని?" అని అవతలి బల్ల నుంచి ఒకడు లేచాడు. మాటకు మాట పెరిగింది. ఒక్క నిజం చెప్పి దాన్ని ఆపగలిగినవాడు దేవరాజే. ప్రవళిక తనవైపే చూస్తోందని తెలిసీ, అతను బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు.