పనీర్ బిర్యానీ పాపం

ఎనిమిదేళ్లుగా నా గుండెల మీద ఒక బరువుంది. నిజం చెప్పాలంటే అది పనీరు. నవ్వండి, ఫరవాలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

సింగపూర్లో, టాంపినీస్ పేటలో మా ఫ్లాట్‌లో ఒక గది ఖాళీగా ఉండేది. అద్దెకిస్తామని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. గంటలో ఒకాయన ఫోన్ చేశాడు. హైదరాబాద్ నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చాడట. కమ్మటి తెలంగాణ తెలుగు. నేను గుంటూరువాణ్ణి, అయినా పావుగంటలో "తమ్ముడూ" దాకా వచ్చేశాను. గది నీదే, సామాన్లు తెచ్చేసుకో అన్నాను. పేరు మాత్రం అడగలేదు. తెలుగు మాట్లాడాడు కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

ఆ ఆదివారం తలుపు తీస్తే, దానిమ్మపళ్ల సంచితో నిలబడి ఉన్నాడు. "నేనే అన్నా, సలీంని" అన్నాడు.

అప్పుడు నా నోట్లోంచి ఒక మాట వచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ వెతుక్కుంటున్నాను.

"అయ్యో, చెప్పడం మరిచాను. మేం ప్యూర్ వెజ్ అండీ. మీకే ఇబ్బంది."

తమ్ముడు కాస్తా క్షణంలో అండీ అయిపోయాడు. వంటింట్లో కోడిపులుసు తుకతుకా ఉడుకుతోంది. మా ఆవిడ గబుక్కున వంటింటి తలుపు వేసింది గానీ, వాసనకి తలుపులేమిటి? అదృష్టం, సలీంకి ఆ వేళ గట్టి జలుబు. ముక్కు తుడుచుకుంటూ, మంచిదన్నా అని, పళ్లు మాకే ఇచ్చి వెళ్లిపోయాడు. దేవుడు నా పక్షాన ఉన్నాడనుకున్నాను. ఆ పళ్లు తిన్నాం కూడా.

దేనికి భయపడ్డాను? నన్ను నేను చాలాసార్లు అడిగాను. నాకు ముస్లింలంటే పగ లేదు, ఆఫీసులో నా పక్క సీటాయన ముస్లిమే, చిన్నప్పుడు పీర్ల పండక్కి వెళ్లినవాణ్ణే. ఇలాంటి పని చేసినవాళ్లందరూ ఇవే చెప్పుకుంటారని తెలిశాక అవి కూడా మానేశాను. భయం కాదేమో. పేరు వినగానే చెయ్యి దానంతటదే తలుపు మీదికి వెళ్లింది, అంతే. ఆ అంతేకి నా దగ్గర వేరే పేరు లేదు.

మూణ్ణెల్లకి భార్య రాగానే సలీం మా బ్లాకులోనే, మాకు రెండంతస్తుల పైన ఫ్లాట్ తీసుకున్నాడు. ఆనాటి నుంచి మా వ్రతం మొదలు. కిటికీలన్నీ మూసి వండుకోవాలి. ఎముకల్ని నాలుగు కవర్లలో చుట్టి పారెయ్యాలి. లిఫ్టులో చికెన్ అనే మాట ఎత్తొద్దని మా పిల్లకి నేర్పాను. "వై లైక్ దట్ లా, డాడీ?" అనేది. కసిరేవాణ్ణి.

ప్రతి రంజాన్‌కీ సలీం భార్య మా కోసం పనీర్ బిర్యానీ పంపేది. మాంసం తగలని గిన్నె ఉండాలని ప్రత్యేకంగా ఒకటి కొని పెట్టింది, అందులో మా వంట తప్ప ఇంకేదీ వండేది కాదు. పైనుంచి మటన్ బిర్యానీ వాసన దిగుతూ ఉంటే, కింద మేం ముగ్గురం కిటికీ దగ్గర కూర్చుని పనీర్ ముక్కలు నమిలేవాళ్లం. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

ఒకసారి ఉండబట్టలేక రైలెక్కి దూరంగా టోవా పాయో పేటకి వెళ్లాను. అక్కడి తిండి దుకాణాల హాకర్ సెంటర్లో, ఈ ఊరి అలవాటు ప్రకారం టిష్యూ పాకెట్ పెట్టి బల్ల ఆపుకుని, చికెన్ రైస్ తెచ్చుకున్నాను. చెంచా ఎత్తేసరికి టీ గ్లాసుతో సలీం వస్తున్నాడు. ప్లేటు తీసి పక్కనున్న చైనీస్ ముసలాయన ముందుకు తోసేశాను. ఆయన నన్ను చూశాడు, ప్లేటును చూశాడు, ప్రశాంతంగా తినడం మొదలుపెట్టాడు.

సలీం ఎదురుగా కూర్చున్నాడు. ఉపవాసమా అని అడిగాడు, అవునన్నాను. టీ తాగుతూ, ఈ ఊళ్లో మొదట గది వెతుక్కున్న రోజులు గుర్తు చేసుకున్నాడు.

"తొమ్మిది ఇండ్లు తిరిగిన అన్నా. పేరు చెప్పంగనే రూమ్ పోయిందన్నరు. మీరొక్కలే ఉన్న మాట మొకమ్మీద చెప్పిన్రు. మా ఇంట్ల ఇప్పటికీ మీ మాట చెప్పుకుంటం."

నేను తల దించుకున్నాను. వినయమనుకున్నాడు.

ఈ ఏడాది రంజాన్ ముందు మా లండన్ బాసు వీడియో కాల్‌లో ఒకమ్మాయిని ఉద్యోగానికి వద్దన్నాడు. తలకి స్కార్ఫ్ కట్టుకున్న అమ్మాయి, అందరికంటే బాగా జవాబులు చెప్పింది. స్కార్ఫ్ ఊసే ఎత్తలేదు మహానుభావుడు. శుక్రవారం సాయంత్రాలు టీమంతా బీరు తాగడానికి వెళుతుంది కదా, పాపం ఆమెకే ఇబ్బందేమో అన్నాడు. ఎంత జాలి! ఆ జాలిని నేను ఎక్కడున్నా గుర్తుపట్టగలను. ఆయన బీరు, నా ప్యూర్ వెజ్, రెండూ ఒకటే. అంతా తెలిసీ మ్యూట్ తియ్యలేదు. ఇది రెండో తప్పు, రాసుకోండి.

పండగ మర్నాడు ఖాళీ గిన్నె పట్టుకుని పైకి వెళ్లాను. మేం మాంసం తింటాం సలీం అని చెప్పేశాను. ముసలాయన ప్లేటు సంగతీ చెప్పాను. పగలబడి నవ్వాడు. గోడ పట్టుకుని నవ్వాడు. తర్వాత నవ్వు కొంచెం కొంచెంగా ఆగిపోయింది.

"అంటే, ఆ దినం గూడ?"

"ఆ రోజు కూడా. కోడిపులుసు."

గోడ మీంచి చెయ్యి తీసేశాడు.

"అయితే పది ఇండ్లన్నా" అన్నాడు.

గిన్నె ఇవ్వబోతే తీసుకోలేదు. మా కోసం కొన్నదేనట, మమ్మల్నే ఉంచుకోమన్నాడు. తలుపు మెల్లగానే వేశాడు. విసిరి కొట్టి ఉంటే బాగుండేది.

క్షమించమని నేనడగలేదు, ఆయన క్షమించనూ లేదు. లిఫ్టులో కనబడితే "నమస్తే అండీ" అంటాడు. బక్రీదుకి పైనుంచి ఏమీ రాలేదు. మేం కిటికీలన్నీ బార్లా తెరిచి కోడిపులుసు వండుకున్నాం. వాసన పైదాకా వెళ్లే ఉంటుంది. ఎనిమిదేళ్లలో మొదటిసారి, ఆ బక్రీదు నాడు తిన్నది అరిగింది.