రాయి మీద ఖాళీ చోటు

ఆఫీసు పని మీద ఐర్లండ్ వెళ్లి, లాక్‌డౌన్‌లో అక్కడి పోర్ట్‌లీష్ అనే ఊళ్లో చిక్కుకుపోయాను. ఒక సాయంత్రం నడుస్తూ పాత సమాధుల తోట దాకా వెళ్తే, ఒక ముసలాయన సమాధి రాయి మీది నాచు గీకుతున్నాడు. రాయి మీద పైన ఇంటిపేరు, దాని కింద వరసగా పేర్లు. చివరిది తనదేనట. పుట్టిన ఏడాది చెక్కి, పోయే ఏడాదికి చోటు వదిలారు. బతికున్న మనిషికి! మా అమ్మ చూస్తే అక్కడికక్కడే దిష్టి తీసేది.

"మా వంశం స్కాట్లాండ్ నుంచి వచ్చింది. ఎవరూ లేనివాళ్లకి మా ఇంటిపేరిచ్చి కలుపుకోవడం మా ఆచారం," అన్నాడు. "ఇక్కడ మీకెవరున్నారు?"

"ఎవరూ లేరండీ. విమానాలు కూడా లేవు."

ఆయన తన పేరు కింద మిగిలిన రాతిని అరచేత్తో శుభ్రంగా తుడిచాడు.

"గ్రాండ్, బాగుంది. మీ పేరు చెప్పండి చాలు. ఇంటిపేరు పైన ఉండనే ఉంది."