నేను తయారుచేసిన దెబ్బ చప్పుడు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. తిరువూరులో నాకు రేడియో రిపేరు షాపు, మైకుసెట్టు ఉండేవి. ఎవరింట్లోనైనా రేడియో దానంతటదే మాట్లాడిందంటే వెళ్లి, వదులైన వైరు బిగించి వచ్చేవాణ్ణి. ఇప్పటికీ దెయ్యాల్ని నమ్మను. కానీ డెబ్బైల్లో మా ఊరి పత్తి గోడౌనులో నా కళ్లముందు జరిగినదాన్ని ఏమనాలో నాకు తెలియదు.

మా చెల్లెలు సుగుణ భర్త రత్నం స్కూలు టీచరు. నాటకాల పిచ్చి. అతని బృందం ఆడే నాటకంలో ఆసామి తన పాలేరును చావగొట్టే సీను ఉంది. పాలేరు వేషం రత్నానిది, ఆసామి వేషం సీతయ్యది. సీతయ్య రైసుమిల్లులో గుమాస్తా, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. అతని చేతికి బరువులేని జనపకట్టె ఇచ్చేవాళ్లు. గంపలగూడెంలో ఆడినప్పుడు అది అప్పడం విరిగినట్టు టప్‌మంది. జనం పగలబడి నవ్వారు. రత్నానికి తల కొట్టేసినట్టయింది.

"ఈసారి రెడ్డిగూడెంలో దెబ్బ పడితే ముందు వరసలో కూర్చున్నోడి కడుపులో తగలాలి బావా," అన్నాడు నాతో.

నేను పంతం పట్టాను. బ్యాండుమేళం వాళ్ల పెద్ద డ్రమ్ము తెచ్చాను. కొడితే గుంయ్‌మని మోగుతూనే ఉంది. పెళ్లి ఊరేగింపు గుర్తొస్తోంది తప్ప దెబ్బ అనిపించలేదు. ఒక పక్క తోలు విప్పి లోపల పాత దుప్పటి కుక్కితే ఆ మోత చచ్చింది. రోకలికి గుడ్డ చుట్టి కొడితే బరువు వచ్చింది గానీ చురుకు రాలేదు. అందుకని నేను రోకలి వేసే క్షణానికే రత్నం తడి తువ్వాలును బండమీద చరిచేవాడు. రెండూ ఒక్క చప్పుడుగా కలిసేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. దాన్ని స్పూలు టేపురికార్డరులో ఎక్కువ వేగంతో ఎక్కించి, సగం వేగంతో వేశాను. షాపు రేకులు అదిరాయి. అచ్చం మనిషి పక్కటెముకలమీద పడినట్టే ఉంది. గర్వంగా అనిపించింది, దాచుకోవడమెందుకు.

మామూలుగా నాటకాల్లో కొట్టేవాడి చెయ్యి చూసి తెర వెనకవాళ్లు చప్పుడు చేస్తారు. మేం దాన్ని తిరగేశాం. దెబ్బలన్నీ వరసగా టేపుమీద ఎక్కించాం. చప్పుడు వచ్చినప్పుడల్లా సీతయ్య కొట్టాలి, రత్నం పడాలి. ఇక మధ్యలో ఆపే పని లేదు, టేపు ఆడించినట్టు ఆడటమే.

రిహార్సలు మధ్యాహ్నం, పత్తి గోడౌనులో పెట్టుకున్నాం. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. పత్తి మూటలు మోసే కూలీలు పని ఆపి చూస్తున్నారు. టేపురికార్డరు సెల్స్‌మీద, ఆంప్లిఫయరు కారు బ్యాటరీమీద నడుస్తున్నాయి.

మొదట అంతా బాగానే జరిగింది. కూలీల్లో ఒక ముసలమ్మ నిజమనుకుని సీతయ్యను తిట్టింది కూడా. టేపు అయిపోయింది. చివర ఊడిపోయి చక్రం ఉత్తినే తిరగడం నేను చూస్తూనే ఉన్నాను. అప్పుడు ఇంకో దెబ్బ పడింది.

రత్నం వెల్లకిలా పడ్డాడు. సీతయ్య చెయ్యి దించే ఉంది. మరో దెబ్బకు రత్నం నోట్లోంచి రక్తం వచ్చింది. సీతయ్య కట్టె పారేసి వెనక్కి జరిగాడు. అయినా ఆగలేదు. చప్పుడు చప్పుడుకూ రత్నం ఒళ్లు నేలమీద ఎగిరిపడుతోంది. అతని చొక్కా ఛాతీ దగ్గర లోపలికి నొక్కుకుపోతోంది. బ్యాటరీ వైర్లు పీకేశాను. అయినా చప్పుడు మైకు హారన్లోంచి అంతే గట్టిగా వచ్చింది. టేపురికార్డరు ఎత్తి నేలకేసి బాదాను. మళ్లీ వచ్చింది. ఈసారి దానితోపాటు ఎముక విరగడం కూడా వినిపించింది.

అందరం గోడలకు అతుక్కుపోయాం. కదిలింది సీతయ్య ఒక్కడే. వెళ్లి రత్నంమీద బోర్లా పడి, రెండు చేతులతో కప్పేశాడు. ఒక దెబ్బ అతని వీపుమీద పడింది. అంతటితో ఆగిపోయింది.

బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, మైలవరం దాటకముందే రత్నం నా ఒళ్లో పోయాడు. చచ్చేంత కోపం వచ్చింది నాకు, ఎవరిమీద చూపించాలో తెలియలేదు.

పోలీసులు సీతయ్యను పట్టుకున్నారు. కొట్టే వేషం అతనిదే కదా. కూలీలంతా స్టేషనుకు వచ్చి, అతను కొట్టలేదని ఒక్కమాటగా చెప్పారు. చొక్కా విప్పితే అతని వీపుమీద గుండ్రంగా, నల్లగా కమిలి ఉంది. బరువైన మొద్దు వస్తువుతో కొట్టారని డాక్టరు అన్నాడు. గోడౌనులో అలాంటిదేదీ దొరకలేదు. నేను వాడిన రోకలి మా ఇంట్లో ఉంది. ఆ పూట మా ఆవిడ దాంతో కారం దంచుతోంది. ఆమెకు వింతగా ఏమీ అనిపించలేదట. చివరికి సీతయ్యను వదిలేశారు.

సమాధి దగ్గర ప్రార్థన అయ్యి అందరూ వెళ్లిపోయాక సుగుణ నా దగ్గరికి వచ్చింది.

"సీతయ్యన్న కొట్టలేదన్నావు, నమ్మాను. మరి మా ఆయన్ని ఎవరు కొట్టారు? ఆ చప్పుడు చేసింది నువ్వు. నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అన్నయ్యా?"

ఆ తర్వాత కూడా ఆమె నాతో బాగానే ఉంది. నా పిల్లల పెళ్లిళ్లలో తనే ముందుండి అన్నీ చూసుకుంది. కానీ నేను ఏది ఇవ్వబోయినా చేతిలోంచి తీసుకునేది కాదు, పక్కన పెట్టమనేది. మంచం పట్టాక ఒకరోజు నన్ను పిలిపించుకుని అదే మాట మళ్లీ అడిగింది. తెలియదమ్మా అన్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.