అక్కమ్మ చెంప

చెంగల్రాయుడు సారును నేను మొదటి రోజే నమ్మలేదు. తిరుపతి కాలేజీలో బొమ్మలు చేయడం నేర్పే ప్రొఫెసరట. ప్రొఫెసరైతే గోళ్ళలో ఆ బురదేంది? డెబ్బై ఎనిమిదిలో చంద్రగిరి పక్కన మా ఊరికి స్కూటర్ మీద వచ్చాడు. కళ్ళం గట్టున కూర్చుని, శనక్కాయలు చెరిగే మా అమ్మ అక్కమ్మను పొద్దంతా చూశాడు.

"మాయమ్మతో నీకేం పని సామీ?" అని నిలదీశాను.

"మాయమ్మ గూడా ఇట్లే చేట పట్టి నన్ను సాకిందబ్బా. మాది నగరి పక్క పల్లె. ఈ మనుషుల్ని బొమ్మ చేసేవాడే లేడు."

అంత తియ్యగా మాట్లాడేవాణ్ణి నమ్మితే కొంప గుల్లే. అమ్మ మాత్రం మురిసిపోయింది. "ఊరుకోరా దామోదరం, నా ముఖానికీ ఒక యోగం ఉండాది."

మా కొట్టంలోనే రెండు నెలలు బంకమట్టితో అమ్మ తల చేశాడు. ఇనప కొంకి పెట్టి చెంపలు కొలిచాడు. సాయంత్రం తడిగుడ్డ కప్పి పోయేవాడు. పీనుక్కి గదా అట్లా కప్పేది! చివరికి బొమ్మను బండికెత్తించాడు.

"ఇంకేం చేస్తావు?" అన్నాను.

"ఏముందబ్బా, మట్టి పెరికేసి, బేస్తవారం పగలగొట్టేదే."

తిరుపతి గంగజాతర చివర మట్టితో చేసిన అమ్మవారి చెంప నరుకుతారు. మాకు తెలిసి మట్టిముఖం చేసేదే నరకడానికి. మరి బతికున్న మనిషి ముఖం చేసి నరికితే? బుధవారం అమ్మకు జ్వరం కాసింది. ఇంకేం కావాలి నాకు!

బేస్తవారం పొద్దున్నే కాలేజీ షెడ్డుకు పరిగెత్తాను. అమ్మ ముఖం మట్టంతా ఒక మూల కుప్పగా పడి ఉంది. సారు తెల్లటి ముద్ద ముందర కూర్చుని ఉలితో కొడుతున్నాడు.

"మాయమ్మను సంపుతావురా!" అంటూ చెయ్యి పట్టి లాగాను. పెనుగులాటలో ఉలి ఆ ముద్దలోకి దిగబడింది. పెచ్చు ఊడి పడింది. లోపల అమ్మ. సిమెంటు అమ్మ. కుడి చెంప మీద నిలువునా గాటు.

మట్టిబొమ్మ మీద ప్లాస్టర్ పిండి కలిపి పోసి పెంకు చేస్తారట. మట్టి తీసేసి ఆ పెంకులో సిమెంటు నింపుతారట. పెంకు పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుందట. ఇదంతా నాకెవడు చెప్పాడు? సారు తల పట్టుకుని కూర్చున్నాడు, ఒక్క తిట్టు తిట్టలేదు. అమ్మ జ్వరం రెండు మాత్రలకే దిగిపోయింది.

శిష్యులు గాటు పూడుస్తామన్నా సారు ఒప్పుకోలేదు. నన్ను పదిమందిలో నవ్వులపాలు చేయడానికేనని ఏళ్ళ తరబడి అనుమానించాను. ఒకసారి అడిగేశాను.

"తల్లిని కాపాడుకోను వచ్చినోడి దెబ్బబ్బా అది," అన్నాడు. "దాన్ని పూడ్సే మట్టి నా కాడ లేదు."

మొన్న ఎనభై ఏడులో అమ్మ పోయింది. ఇంట్లో ఫోటో ఒక్కటీ లేదు. ఆమె ముఖం ఇంకెవరి చేతిలోనూ పడకూడదని తీయనివ్వలేదు నేనే. చూడాలనిపిస్తే కాలేజీకి పోతాను. ముందుగా ఆ గాటు మీద చెయ్యి పెట్టి మూసి, తర్వాతే ముఖం చూస్తాను.