తెర మీద మా ఊరి బోరింగులు

ఈమధ్య నల్లగొండలో మా సోషల్ టీచర్లకు మూడు రోజుల శిక్షణ పెట్టారు. హైస్కూలు పిల్లలకు మ్యాపులు, పట్టికలు, సర్వేలు కంప్యూటర్ మీద ఎలా నేర్పాలో చెప్పడానికి మా అబ్బాయి వయసుండే మాస్టారు ఒకాయన వచ్చాడు. బాగానే చెప్పాడు. మధ్యలో నా తెల్లజుట్టు చూసి జాలిపడ్డాడేమో, "మేడమ్, మీ చిన్నప్పుడు ఇవేవీ లేవు కదా, భయపడకండి, నెమ్మదిగా వచ్చేస్తుంది" అన్నాడు. నేను బుద్ధిగా తలూపాను. కానీ ఆ పూట ఆయన చెప్పిందేదీ నా చెవికెక్కలేదు. మనసు మోత్కూర్ అవతల మా ఊరి బడికి పోయి, తొమ్మిదో తరగతి గదిలో రెండో బెంచీ మీద కూర్చుంది.

ఎనభైల చివరి రోజులవి. మా బడికి చెక్క పెట్టెల్లో రెండు కంప్యూటర్లు వచ్చాయి. హెడ్‌మాస్టరును మేమంతా పెద్ద సారు అనేవాళ్లం. ఆయన కొబ్బరికాయ కొట్టి, వాటికి పువ్వుల గుడ్డ కప్పి, గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. చెప్పులు విడిచి, వరుసగా నిలబడి, కిటికీలోంచి చూసి రావాలి. అది కూడా పదో తరగతి వాళ్లకే, లెక్కల పీరియడ్‌లోనే. వాటిని నడపడం నేర్చుకొచ్చిన సైన్సు సారు నెల తిరక్కుండానే బదిలీ అయిపోవడంతో ఆ గుడ్డ తీసేవాళ్లే లేకపోయారు.

మా సోషల్ సారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చొక్కా చేతికి సుద్ద అంటించుకుని తిరిగే మనిషి. ఒకరోజు పంచాయతీల పాఠం చెబుతూ, మండలాఫీసు నుంచి రాసుకొచ్చిన కాగితం ఒకటి చదివారు. మా ఊళ్లో ఏడు బోరింగులున్నాయట, ఏడూ నడుస్తున్నాయట. క్లాసంతా గొల్లుమన్నాం. చేతిపంపుల సంగతి మాకు తెలియనిదా! మా మగ్గాల గల్లీ బోరింగు అప్పటికి రెండేళ్లుగా గాలి తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. మా అమ్మతో సహా ఆడవాళ్లంతా తెల్లారకముందే ఊరవతల పొలం బావికి పోయి నీళ్లు తెచ్చుకునేవారు.

"నవ్వుడు గాదు," అన్నారు సారు. "పోయి చూసి రార్రి. ఎన్నిసార్లు కొడితే నీళ్లొస్తున్నయి, ఎవరు ఎంత దూరం నుంచి వస్తున్నరు, అన్నీ రాసుకొని రార్రి."

వారం రోజులు ఊరంతా తిరిగాం. నా జోడీ మోటర్ల మెకానిక్ గారి బిడ్డ. వాళ్ల అబ్బా దుకాణంలో పాడైన మోటర్ల మధ్య పెరిగింది కాబట్టి కరెంటంటే దానికి భయం లేదు. అడుగులు లెక్కపెట్టే పని నాది, పిడి కొట్టే పని దానిది. ఏడింటిలో రెండే నడుస్తున్నాయని తేలింది. ఆ రాతలన్నీ పట్టుకుని సారు పెద్ద సారు దగ్గరికి పోయి కంప్యూటర్ గది అడిగారు. మేం గుమ్మం బయట నిలబడి విన్నాం.

"సోషల్‌కు కంప్యూటర్ ఎందుకయ్యా? అక్బర్ ఏ సంవత్సరంల సచ్చిండో బుక్కులనే ఉన్నది గద!"

"మా పిల్లలు బుక్కుల లేనిది తెచ్చిండ్రు సార్," అన్నారు మా సారు.

చివరికి, ఏం చెడిపోయినా తనదే బాధ్యత అని మా సారు కాగితం రాసిచ్చాక, రోజూ ప్రార్థనకు ముందు గంటసేపు గది తెరిచేందుకు పెద్ద సారు ఒప్పుకున్నారు. ఆ రోజుల్లో అలాంటి కాగితం మీద సంతకమంటే చిన్న విషయం కాదు. అది చూశాక మీటలు ముట్టుకోవడానికే మేం వెనకాడాం. వెనకాడనిది మా మెకానిక్ గారి బిడ్డే. "షాక్ కొట్టదే, జర గట్టిగ నొక్కు," అని నన్ను కసిరేది. కంప్యూటర్‌తో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని, అర్థంకాని మాటలు సారు డిక్షనరీలో వెతుకుతుంటే, ఒక్కో అక్షరం కొట్టేవాళ్లం. మూడో రోజు కరెంటు పోయి, చేసిందంతా తుడిచిపెట్టుకుపోయింది. చేసింది చేసినట్టు టేపురికార్డరు తగిలించి పాటల క్యాసెట్‌లోకి ఎక్కించి దాచుకోవచ్చని అప్పుడే తెలిసింది. కొత్త క్యాసెట్ ఎక్కడిది? నా జోడీ వాళ్ల అబ్బా ఖవ్వాలీ క్యాసెట్ ఎత్తుకొచ్చింది. ఆయన తర్వాత దుకాణంలో పాట పెట్టుకుంటే పాటకు బదులు మేం ఎక్కించిన మా ఊరి బోరింగులు కీచు కీచుమని వినిపించాయట. పాపం, రికార్డరు పాడైందనుకుని విప్పదీసి మళ్లీ బిగించాడట.

పట్టిక వచ్చింది కానీ మ్యాపు రాలేదు. తెర మీద ఏ చుక్క ఎక్కడ పెట్టాలో మాకు అంతుబట్టలేదు. ఇంట్లో దిగాలుగా కూర్చుంటే మగ్గం మీదున్న మా బాపు ఏమైందని అడిగాడు. చెప్పాను. ఆయన లేచి, చీరల డిజైన్లు గీసుకునే గళ్ల కాగితం తెచ్చి నా ముందు పరిచాడు.

"అడ్డం ఎన్నో గడి, నిలువు ఎన్నో గడి. గంతే గదనే బిడ్డా. నువ్వు ఊరు చెప్పు, నేను గీస్త."

నేను చెబుతూ పోయాను. బడి, మసీదు, మగ్గాల గల్లీ, చెరువుకట్ట, ఏడు బోరింగులు ఒక్కొక్కటే గళ్లలో కుదిరాయి. మర్నాడు ఆ అంకెలు కొడితే, ఆకుపచ్చ గీతలతో మా ఊరు తెర మీద నిలబడింది. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, అంతే.

ఆ నెలలోనే బడిలో కొత్త గది తెరవడానికి జిల్లా పెద్దాఫీసరు వచ్చారు. కంప్యూటర్ మీద 'వెల్‌కమ్' అని చూపిస్తే చాలని పెద్ద సారు ఏర్పాటు. చూపించాం. ఆఫీసరు నవ్వి, "ఇంకేమొస్తుంది?" అన్నారు. "అంతే సార్" అన్నారు పెద్ద సారు. "ఇంకోటున్నది సార్" అంది నా జోడీ. దాని చేయి అప్పటికే క్యాసెట్ మీదుంది. అది ఎక్కడానికి నాలుగైదు నిమిషాలు పట్టింది. రికార్డరు కీచుమంటోంది, పెద్ద సారు చెమట తుడుచుకుంటున్నారు. అప్పుడు ఊరు వచ్చింది. రెండు గళ్లు నిలకడగా వెలుగుతున్నాయి, ఐదు కనపడుతూ మాయమవుతున్నాయి.

"ఇవేమిటి, ఇలా మిణుకుమంటున్నాయి?"

"చెడిపోయిన బోరింగులు సార్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆఫీసరు వెంట వచ్చిన బోరింగుల ఇంజనీరు ముందుకొచ్చాడు. "అన్నీ నడుస్తున్నయి సార్. చిన్నపిల్లలు, తెల్వక పెట్టిండ్రు."

ఆఫీసరు ఒకసారి ఆయన వంక, ఒకసారి మా సారు వంక చూశారు. "నడవండి, చూద్దాం" అన్నారు. బడంతా వెంట నడిచింది. మా గల్లీలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆఫీసరు చొక్కా చేతులు మడిచి పిడి పట్టుకుని కొట్టడం మొదలుపెట్టారు. నా జోడీ పక్కన నిలబడి, ఎవరూ అడక్కపోయినా పైకే లెక్కపెట్టింది. నలభై దాటింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన పిడి వదిలి ఇంజనీరు వైపు తిరిగారు. ఏమన్నారో నాకు వినపడలేదు, ఇంజనీరు మాత్రం అరిచేతిలో ఏదో రాసుకున్నాడు. మిగతా నాలుగూ ఆఫీసరు నడిచే చూశారు.

పదిహేను రోజులు తిరక్కుండా ఐదింటికీ కొత్త పైపులు దిగాయి. ఆ తర్వాతి సోమవారం బడి టైంటేబులు మారింది. సోషల్‌కు వారానికి రెండు కంప్యూటర్ పీరియడ్లు, ఆడపిల్లలదే మొదటి వంతు. కింద పెద్ద సారు సంతకం. ఎవరొచ్చినా మమ్మల్ని చూపించి, "మా సోషల్ పిల్లలు" అనేవారాయన, మొదటి నుంచీ తానే పంపినట్టు. ఆ టైంటేబులు చూసి మా సారు నవ్విన నవ్వు ఇంకెప్పుడూ చూడలేదు.

మా గల్లీలో నీళ్లు పడిన మర్నాడు నేను నిద్ర లేచేసరికి అమ్మ ఇంట్లోనే ఉంది. వాకిట్లో, లేత ఎండలో, చేతిలో ఏ పనీ లేకుండా కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. ఆ వేళప్పుడు అమ్మను ఇంట్లో చూడటం నాకు రెండేళ్లలో అదే మొదటిసారి. ఎన్నో ఏళ్లు గడిచిపోయాయంటారు, నిజమే. మా అమ్మకు తిరిగొచ్చిన ఆ పొద్దుటి గంట మాత్రం నా దగ్గర ఇంకా గడవలేదు.